బోల్టులు పేర్చిపెట్టిన దొంగ

షెడ్డుకి వేసిన తాళం వేసినట్టే ఉంది, కారు నిలబెట్టినచోటే ఉంది, కానీ బోనెట్ ఎత్తి చూస్తే లోపల ఇంజన్ లేదు.

గుమాస్తా బోనెట్ దించాడు. ఒక క్షణం ఆగి మళ్లీ ఎత్తాడు. రెండోసారి కూడా లేదు.

ఇంజన్ అంటే జేబులో వేసుకుని పోయే వస్తువు కాదు. ఇద్దరు మగాళ్లు ముక్కుతూ మూలుగుతూ పట్టుకున్నా నేల వదిలి లేవదు. పైకప్పు దూలానికి కట్టిన చైన్ పుల్లీతో తప్ప అది కదలదు. అంత బరువు ఉండాల్సినచోట ఇప్పుడు ఒక గొయ్యి. గోతిలోంచి కింద గచ్చు కనిపిస్తోంది. గచ్చు మీద ఇంకా ఆరని నూనె చుక్కలు ఒకదాని వెనక ఒకటిగా తలుపు దాకా వెళ్లి ఆగిపోయాయి.

అతనికి దొంగ మీద ఒళ్లు మండాలి. మండలేదు. గుండె గుభేలుమనాలి. అదీ జరగలేదు. హమ్మయ్య, ఒక పని తగ్గింది అనిపించింది. అలా అనిపించినందుకే అతనికి భయం వేసింది.

మర్నాడు ఉదయం పాత ఇనుపకొట్టు ఆసామి లారీ పంపిస్తానన్నాడు. కారుని ఇంజన్‌తో సహా తీసుకుపోయి, కోసి, ముక్కలు చేసి, కరిగించడానికి పంపేస్తాడు. అందుకే గుమాస్తా ఆ రోజు షెడ్డులోకి వచ్చాడు, సీటు కింద మిగిలిపోయిన పానాలు ఏరుకుందామని. అందులో కాలు పెట్టి చాలా వారాలైంది. పానాలు సంచిలో వేసుకున్నాక, వెళ్లేముందు ఒక్కసారి బోనెట్ ఎత్తి చూద్దామని ఎందుకు బుద్ధి పుట్టిందో అతనికే తెలియదు.

కారు పక్కన గచ్చు మీద ఉతికిన గుడ్డ ముక్క ఒకటి పరిచి ఉంది. దాని మీద నాలుగు బోల్టులు. ఇంజన్‌ని కారుకి పట్టి ఉంచే బోల్టులు. నాలుగింటి తలలూ ఒకే వైపుకి తిరిగి ఉన్నాయి. ఒక్కో బోల్టు పక్కన దాని వాషరు, వాషరు పక్కన దాని నట్టు. గుమాస్తా గొంతుక్కూర్చుని వాటిని చూస్తూ ఉండిపోయాడు. ఎత్తుకుపోయేవాడు ఇంత మర్యాదగా ఎత్తుకుపోతాడా? తిరిగి బిగించే ఉద్దేశం ఉన్నవాడు చేసే పని ఇది.

అతను నగర నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చుంటాడు. ఫోను మోగుతుంది. పైపు పగిలిందండీ అంటారు. రాసుకుంటాడు, పైకి పంపుతాడు. ఆ పైపు అతికారో లేదో అతనికి ఎన్నటికీ తెలియదు. బాగయిందని చెప్పడానికి ఎవరూ ఫోను చేయరు కదా. ఇలా ఏళ్లు గడిచాక అతనికి ఒక కోరిక పుట్టింది. పాడైపోయినదాన్ని ఒక్కదాన్నయినా తన చేత్తో మొదట్నుంచి చివరిదాకా బాగుచేసి, అది కదలడం కళ్లారా చూడాలి. అంతే. అదే సమయానికి మూతబడిన అచ్చాఫీసు పెరట్లో ఈ కారు కంటపడింది. గుండ్రటి దీపాలు, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు. వెనక సీటులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి.

కారు ఇంటికి వచ్చిన రోజు అతని భార్య దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది, రోగుల్ని చూడటం అలవాటే. "సవతిని తేవాలనుకుంటే కాస్త తన కాళ్ల మీద నిలబడగలిగినదాన్ని తెచ్చుకోవాల్సిందండీ" అంది.

మొదట్లో ఎంత హుషారో. ఆఫీసు నుంచి వచ్చీ రాగానే షెడ్డులో దూరేవాడు. తుప్పు గీకడం, రేకు అతకడం, సీట్లు విప్పడం. మామగారు, అంటే భార్య తండ్రి, తోడుగా ఉండేవాడు. ఆయన గడియారాలు బాగుచేసిన మనిషి. చూపు మందగించి కొట్టు కట్టేసి కూతురి ఇంటికి వచ్చాడు. ఊరికే కూర్చోవడం చేతకాదు. అల్లుడు విప్పిన ప్రతి ముక్కనీ కిరసనాయిల్లో కడిగి, తోమి, తుడిచి అందించేవాడు.

ఆఫీసులో వాళ్లు "కారు ఎప్పుడు తెస్తున్నావు?" అని అడిగేవారు. కొన్నాళ్లకి ఆ ప్రశ్న "ఇంకా ఉందా అది?" అయింది. ఆ తరవాత అడగడమే మానేశారు. అడగనప్పుడే ఎక్కువ బాధగా ఉండేది.

అసలు చిక్కు ఇంజన్‌తో వచ్చింది. ఇంజన్ అడుగున క్రాంకు అనే లావుపాటి ఇరుసు పడుకుని ఉంటుంది. అది తిరిగితేనే చక్రాలు తిరిగేది. దాన్ని జారిపోకుండా పట్టుకునేవి అరచెయ్యంత ఇనుప క్యాపులు. ఆ క్యాపులు వదులుగా ఉన్నంతసేపూ క్రాంకు చేత్తో తిప్పినా గిర్రున తిరిగేది. బిగిస్తే చాలు, రాయిలా బిగుసుకుపోయేది. గుమాస్తా మళ్లీ విప్పాడు, శుభ్రం చేశాడు, బిగించాడు. తిరగలేదు. కొత్త బేరింగులు తెచ్చి వేశాడు. తిరగలేదు. మూడుసార్లు చేశాడు. తల ప్రాణం తోకకి వచ్చింది తప్ప క్రాంకు మాత్రం ఇంచు కూడా కదల్లేదు. ఆ పాత కారుకి దారి చూపించే పుస్తకమూ దొరకలేదు.

పట్టు వదలకుండా ఉండటానికి ఏం చేయాలో అందరూ చెప్పేవారే. రోజూ ఒక్క చిన్న పని చెయ్యి, అదే పెద్దదవుతుంది అన్నాడు ఆఫీసులో పెద్ద గుమాస్తా. అలాగే చేశాడు. ఒకరోజు వైపరు, ఒకరోజు తలుపు పిడి, ఒకరోజు అద్దం. చిన్న పనులన్నీ అయిపోయాయి. మిగిలిన పెద్ద పని అలాగే కూర్చుని ఉంది. ఆ తరవాత రోజుకి ఒక్క బోల్టు తిప్పి వచ్చేవాడు. ఆ తరవాత ఊరికే డ్రైవరు సీటులో కూర్చుని వచ్చేవాడు. ఆ తరవాత షెడ్డులో లైటు వేసి, ఆర్పేసి, తాళం వేసి వచ్చేవాడు. చివరికి లైటూ వేయలేదు.

తప్పు ఎక్కడుందో అతనికి అనుమానం లేదు. తన చేతుల్లోనే ఉంది. ఫోను ఎత్తడానికి పుట్టిన చేతులు. ఆ మాట అనుకున్నాక ఇనుపకొట్టుకి కబురు పెట్టడం సులువైపోయింది. ఇంజన్‌ని బావమరిది సాయంతో కారులో కూర్చోబెట్టి, నాలుగు బోల్టులు బిగించి, చేతులు కడుక్కున్నాడు.

ఇప్పుడు ఆ నాలుగు బోల్టులే గుడ్డ మీద ఉన్నాయి.

వంటింట్లోకి వచ్చేసరికి భార్య షాపుకి వెళ్లడానికి తయారై టీ తాగుతోంది.

"ఇంజన్ లేదు" అన్నాడు.

"ఏ ఇంజన్?"

"మనింట్లో ఎన్ని ఇంజన్లున్నాయి?"

"ఉన్న ఒక్కటీ తిరగదుగా. లెక్కలోకి రాదనుకున్నా."

"నిజంగా లేదే. ఎవరో తీసుకుపోయారు. తాళం చెవి ఎక్కడుంది?"

"ఎప్పుడూ ఉండేచోటే. ఫ్రిజ్ పక్కన మేకుకి."

మేకుకి చెవి వేలాడుతూనే ఉంది. అతను దాన్ని తీసి చూసి మళ్లీ తగిలించాడు.

"నన్నలా చూడకండి. నేను ఎత్తుకుపోవాలనుకుంటే కారు మొత్తం మాయం చేసేదాన్ని. ఒక్క ఇంజన్‌తో సరిపెట్టుకుంటానా?"

"నిన్న నేను వెళ్లాక ఎవరైనా వచ్చారా?"

"నేనూ షాపులోనే ఉన్నాను కదండీ. పగలు ఇంట్లో ఉండేది నాన్న ఒక్కరే. ఆయన్నడగండి."

"మామయ్యగారేరి?"

"నడకకి వెళ్లారు."

"మోకాళ్లకి పట్టీలు కట్టుకుని తిరిగే మనిషికి నడకేమిటి?"

"నేనూ అదే అన్నాను. కదలకపోతే బిగుసుకుపోతానే అన్నారు."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ అతని ముందు టీ పెట్టింది. కాసేపు అతని ముఖంలోకి చూసింది.

"ఒకటి అడుగుతాను, కోప్పడకండి. రేపు లారీ ఎక్కించేదాని కోసం ఇప్పుడు ఇంత గాలింపు ఎందుకు?"

"మాటిచ్చాను. ఇంజన్‌తో సహా ఇస్తానని."

"అంతేనా?"

"అంతే."

"అయితే ఆయనకి ఫోను చేసి ఇంజన్ లేదని చెప్పండి. కారు మటుకు తీసుకుపోతాడు. ఇవాళే పీడా వదిలిపోతుంది."

అతను ఫోను తీశాడు. నెంబరు చూశాడు. బల్ల మీద బోర్లా పెట్టేశాడు. ఆవిడ తన కప్పు కడిగేసింది. సంచి భుజానికి తగిలించుకుని, వెళుతూ వెళుతూ అతని కప్పుని అతని చేతికి కాస్త దగ్గరగా జరిపింది.

పోలీసులకి చెబుదామా అనుకున్నాడు. ఏమని? ఇంజన్ పోయింది, కారు ఉంది, తాళం ఉంది, బోల్టులు కూడా ఉన్నాయి. అవతల రాసుకునేవాడు తనలాంటివాడే అయుంటాడు. పైకి పంపుతాడు. ఫిర్యాదులు పైకి వెళ్లి ఏమవుతాయో గుమాస్తాకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆఫీసుకి సెలవు చెప్పి చొక్కా మార్చుకున్నాడు.

ఆ పుల్లీ తిప్పడం తెలిసినవాళ్లు ఊళ్లో తనతో కలిపి ఇద్దరే. రెండోవాడు బావమరిది. ఫర్నిచరు షాపులో డెలివరీ వ్యాను నడుపుతాడు.

షాపు వెనక వీధిలో వ్యాను నిలిపి ఉంది. బావమరిది బీరువాకి తాడు కడుతున్నాడు.

"నువ్వా బావా? ఆఫీసు లేదా?"

"సెలవు పెట్టాను."

"నువ్వు సెలవు పెట్టావా? ఎవరు పోయారు?"

"ఇంజన్ పోయింది."

బావమరిది వేసిన ముడి విప్పి మళ్లీ వేయడం మొదలుపెట్టాడు. "పోలీసులకి చెప్పావా?"

"చెప్పమంటావా?"

"వద్దులే. పాపం వాళ్లకి బోలెడు పనులుంటాయి."

గుమాస్తా వ్యాను వెనక తలుపు తీసి లోపలికి వంగి చూశాడు. చెక్క పలకల మీద నల్లటి మరక. తడి ఇంకా ఆరలేదు.

"ఇదేమిటి?"

"ఆయిలు."

"సోఫాలకి ఆయిలు పోస్తారా?"

"కూర్చుంటే కిర్రుమనకుండా."

మామూలు రోజయితే నవ్వేవాడే. ఇప్పుడు వ్యాను అంచు మీద చతికిలబడ్డాడు. అతను కోప్పడితే బావమరిది ఏదో ఒక వేళాకోళంతో తప్పించుకునేవాడు. కోప్పడకుండా కూర్చోవడంతో వాడికి కాలు నిలవలేదు.

"ఏంటి బావా అలా అయిపోయావు. ఇనుపకొట్టుకి ఇచ్చేస్తానన్నదేగా అది."

"నువ్వే తీశావని నాకు తెలుసురా. పుల్లీ నువ్వే తిప్పావు. బోల్టులు నువ్వే విప్పి గుడ్డ మీద పేర్చావు."

"గుడ్డ మీద పేర్చానా?" బావమరిదికి నిజంగానే నవ్వొచ్చింది. "నా జన్మలో ఒక్క బోల్టు పేర్చానా బావా? విప్పింది విప్పినట్టు జేబులో పడేస్తాను. మా ఆవిడ బట్టలుతుకుతూ దొరకబుచ్చుకుని నా నెత్తిన పెడుతుంది."

అనేసి నాలుక కరుచుకున్నాడు.

వీధిలో ఒక సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయింది. గుమాస్తా వాడి ముఖంలోకే చూస్తున్నాడు. తలలన్నీ ఒకవైపు, బోల్టు పక్కన వాషరు, వాషరు పక్కన నట్టు. ఏళ్ల తరబడి మరల్ని అలా పేర్చి పేర్చి అలవాటైన చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే ఉంది.

"మామయ్యగారా?"

"నేనేం చెప్పలేదు" అన్నాడు బావమరిది గబగబా. "నాన్నకి మాటిచ్చాను. కానీ నేను డెలివరీవాణ్ని బావా. సరుకు ఎక్కడ దించావని అడిగితే చెప్పాలి కదా. బస్సు డిపో వెనక లేత్ షాపులో దించాను. ఎందుకో నాకూ తెలియదు. అడిగితే, నువ్వు గొలుసు లాగు చాలు అన్నారు."

బస్సు డిపో పెద్ద దూరం కాదు. అయినా ఆ దారి సాగినట్టే లేదు. దారి పొడవునా గుమాస్తా బుర్ర ఒకచోట నిలవలేదు. ఆయన దాన్ని ఎవరికైనా ఇచ్చేశాడా? లేక రేపు గ్యాసు కట్టర్‌తో కోస్తుంటే అల్లుడు చూడలేడని ముందే తప్పించాడా? అందరూ కలిసి తన మీద జాలి పడుతున్నారా? మిగతావన్నీ ఎలాగోలా భరించవచ్చు. ఈ జాలిని మాత్రం అతను భరించలేడు.

ఆ మామా అల్లుళ్ల మధ్య ఏనాడూ మాట తూలింది లేదు. ఆయన అల్లుడుగారూ అంటాడు, ఇతను మామయ్యగారూ అంటాడు, ఇద్దరూ మీరు అనుకుంటారు. షెడ్డులో నూనె చేతులతో పక్కపక్కన కూర్చున్నప్పుడు కూడా ఆ మర్యాద తప్పలేదు. ఇది తప్పు అని ఒకరికొకరు చెప్పుకోవాల్సిన అవసరం వాళ్లకి ఎప్పుడూ రాలేదు. వచ్చినా చెప్పుకునేవారు కాదేమో.

లేత్ షాపులో మిషను గిర్రున తిరుగుతోంది. నేలంతా ఇనుప పొట్టు, చెప్పుల కింద కరకరమంటోంది. వెనక బల్ల మీద ఇంజన్ కడుపు పైకి పెట్టి వెల్లకిలా పడుకుని ఉంది. దాని ముందు స్టూలు మీద మామగారు, కంటికి భూతద్దం బిగించుకుని, ఒక క్యాపుని వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. మిగతా క్యాపులు ఆయన ఒళ్లో గుడ్డ మీద ఉన్నాయి.

"ఆ తలుపు కాస్త దగ్గరికి వెయ్యి నాయనా, దుమ్ము పడుతోంది" అన్నాడు తలెత్తకుండా.

గుమాస్తా తలుపు వేశాడు. లేత్ మేస్త్రీ మిషను ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"మీరు అల్లుడుగారా? మంచిది, సమయానికి వచ్చారు. దీనికి పెద్ద రోగమేం లేదండీ. క్యాపులు తారుమారయ్యాయి. ఇంజన్ తయారైనప్పుడే వీటిని వాటి వాటి చోట్ల బిగించి ఒకేసారి బోరు కొడతారు, అంటే లోపల గుండ్రంగా తొలుస్తారు. అందుకని దేని చోటు దానిదే. ఒకదాని చోట ఇంకోటి పెడితే వెంట్రుకవాసి తేడా వచ్చి క్రాంకుని నొక్కేస్తుంది. ఎవరో కలిపేశారు. ఒక్కోటీ పెట్టి చూస్తున్నాం. కుదిరితే సరే, లేకపోతే మళ్లీ బోరు కొట్టిస్తే సరి."

మామగారి చేతిలో క్యాపు అలాగే ఉండిపోయింది. భూతద్దం తీయడం కూడా మరచిపోయాడు.

గుమాస్తా ఇంజన్ వైపు చూశాడు. మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించిన ఇంజన్. పెద్ద రోగమేం లేదట. "ఎవరో కాదు, నేనే కలిపేసి ఉంటాను" అన్నాడు. గొంతులో విసుగు కూడా లేదు, ఒట్టి అలసట. "విప్పినప్పుడు వరస చూసుకోలేదు కాబోలు. నా చేతికి అంతే."

మేస్త్రీ ఒకరి ముఖం చూశాడు, ఇంకొకరి ముఖం చూశాడు. "నేను టీ తాగి వస్తాను" అని బయటికి నడిచాడు.

మామగారు తప్పించుకోవాలంటే అదే అదను. అల్లుడు తప్పంతా తన నెత్తిన వేసుకుని నిలబడ్డాడు. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా తలూపితే చాలు, అంతటితో సరి.

"మీరు కాదు" అన్నాడాయన. భూతద్దం తీసి జేబులో పెట్టుకున్నాడు. "నేను. గడియారాల పనిలో ఒక సంగతుంది, అల్లుడుగారూ. మూత తీయగానే లోపల చుక్కలో గీతలో కనిపిస్తే, అంతకుముందు ఎవడో మొరటువాడు చెయ్యి పెట్టి వెళ్లాడని అర్థం. మంచి పనివాడు ముందు ఆ మచ్చ తీస్తాడు, తరవాతే పని మొదలుపెడతాడు. మా గురువు నాకు మొట్టమొదట నేర్పింది అదే. ఈ క్యాపులు కడుగుతుంటే జిడ్డు కింద చుక్కలు బయటపడ్డాయి. ఒకదాని మీద ఒకటి, ఇంకోదాని మీద రెండు. సుత్తి దెబ్బలనుకున్నాను. ఆకురాయితో అరగదీసి, అద్దంలా చేసి మీకిచ్చాను. ఏది ఎక్కడ కూర్చోవాలో చెప్పే గుర్తులట అవి. వరసగా లెక్క ప్రకారం ఉన్నాయని కూడా నాకు తట్టలేదు. మచ్చల్ని ఎవడు లెక్కపెడతాడు చెప్పండి?"

గుమాస్తా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ సంగతి మీకెప్పుడు తెలిసింది?"

మామగారు నీళ్లు నమిలాడు. "మొన్న. ఈ మేస్త్రీని కదిపితే చెప్పాడు. లారీ వస్తోందంటిరి. చెప్పడానికి నోరు రాలేదు. ముందు బాగుచేయించి, తెచ్చి పెట్టేసి, అప్పుడు చెబుదామని..."

జేబులో ఫోను మోగింది. ఇనుపకొట్టు ఆసామి.

"రేపు పొద్దున్నే లారీ పంపిస్తున్నానండీ. షెడ్డు ముందు అడ్డాలేమైనా ఉంటే తీయించి ఉంచండి."

గుమాస్తా ఇంజన్ మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. క్యాపులు లేకపోవడంతో క్రాంకు ఒట్టినే పడుకుని ఉంది. వేలితో నెట్టాడు. తిరిగింది. దీన్ని మళ్లీ మోయాలి, మళ్లీ దించాలి, మళ్లీ బిగించాలి. గేరుబాక్సుంది, వైర్లున్నాయి, బ్రేకులున్నాయి. తలుచుకుంటేనే ఒళ్లు బరువెక్కింది. సంతోషం లాంటిదేమీ అతనికి కలగలేదు.

"పంపొద్దండీ" అన్నాడు.

"ఎల్లుండి పంపమంటారా?"

"ఎల్లుండి కూడా వద్దు. ఇవ్వడం లేదు."

"మాటిచ్చారు కదండీ."

"ఇచ్చాను. తప్పుతున్నాను. ఏమనుకోకండి."

ఫోను జేబులో పెట్టుకుని, మూలనున్న ఇంకో స్టూలు కాలితో దగ్గరికి లాక్కుని, మామగారి ఎదురుగా కూర్చున్నాడు. "ఆ గుడ్డ ఇలా ఇవ్వండి. ఏది పెట్టి చూశారు, ఏది చూడలేదు?"

మామగారు గుడ్డ ఇవ్వలేదు. ఒళ్లో క్యాపుల మీద రెండు చేతులూ కప్పి ఉంచాడు.

"ఆగండి, అల్లుడుగారూ. నేను చెప్పడం పూర్తి కాలేదు. మీరు ఆ ఫోనులో మాట్లాడకముందే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. నాకు తెలిసింది మొన్న కాదు. మీరు రెండోసారి బిగించి, అదీ తిరక్క, అన్నం కూడా తినకుండా పడుకున్నారు చూడండి, ఆ మర్నాడే వచ్చాను నేను ఇక్కడికి. మేస్త్రీ అడిగిన మొదటి మాటే క్యాపుల మీద చుక్కలున్నాయా అని. ఇంటికెళ్లి చెప్పేద్దామనే బయల్దేరాను. గేటు దాకా వచ్చేసరికి నోరు పెగల్లేదు. నా చెయ్యి పడ్డ గడియారం తిరిగి కొట్టుకి రాలేదని జీవితమంతా చెప్పుకున్నవాణ్ని. మీకూ ఎన్నోసార్లు చెప్పాను. మీరేమో కొత్త బేరింగులు తెచ్చుకున్నారు. నా చేతికి ఈ పని పట్టుబడదేమో మామయ్యగారూ అన్నారు. అప్పుడైనా చెప్పొచ్చు. అందరికీ అన్నీ వస్తాయా అన్నాను నేను. ఆ మాట నేనే అన్నాను. ఆ మూడోసారి మీరు కింద కూర్చుని బిగిస్తుంటే, పక్కన నిలబడి టార్చి పట్టుకున్నాను. బిగుసుకుపోతుందని నాకు అప్పటికే తెలుసు."